మేకు లేని కుర్చీకి రెట్టింపు కూలి ఇవ్వాలా?

పెదవాల్తేరు_వాసి: పాత ఇల్లు కొట్టేస్తే వచ్చిన ద్వారబంధాల టేకు చాలా ఉందండి, ఆరు డైనింగ్ కుర్చీలు చేయిద్దామని. ఒక మేస్త్రి స్క్రూలు, ఫెవికాల్‌తో వారంలో ఇచ్చేస్తానంటున్నాడు. ఇంకో పెద్దాయన కుసి బెజ్జం అతుకు (ఒక చెక్క కొసని నాలికలా చెక్కి ఇంకో చెక్క బెజ్జంలో దించేది) తప్ప ఇంకోటి చెయ్యను, నెల పడుతుంది అంటున్నారు, కూలి దాదాపు డబుల్. వీపు పట్టీ మీద నగిషీ కూడా ఆయనే చెక్కుతారట. మాది బీచ్‌కి దగ్గర. అంత పెట్టడం అవసరమా?

స్టీల్_ప్లాంట్_కుర్రాడు: అక్కర్లేదండి. 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడమనండి, ఉప్పుగాలికి మామూలు 304 గ్రేడ్ కంటే బాగా ఆగుతాయి. మీ భయం తుప్పే కదా, అది తీరిపోతుంది.

చెక్కపని_అభిమాని: తమ్ముడూ తుప్పు సంగతి కరెక్టే చెప్పావు, కానీ కుర్చీ పాడయ్యేది తుప్పుతో ఒక్కటే కాదు. మనం వెనక్కి వాలినప్పుడు బరువంతా సీటు పక్క పట్టీ వెనక కాలికి కలిసే చోట పడుతుంది, అక్కడ స్క్రూ పట్టీ కొసలోకి దిగుతుంది, కొసన చెక్క పోగులు స్క్రూ దిగే దిశలోనే ఉంటాయి కాబట్టి స్క్రూ మరలకి గట్టి పట్టు దొరకదు, పైగా చెక్క వానాకాలం అడ్డంగా ఉబ్బి ఎండకి మళ్ళీ తగ్గుతుంది, స్క్రూ అలా కదల్దు, నాలుగేళ్ళు తిరిగేసరికి ఊగడం మొదలు. మా ఇంట్లో అలాంటి సెట్టు ఏటేటా బిగించుకుంటూ వచ్చాం, చివరికి కాలు చీలిపోయింది.

కుసి అలా కాదు. పట్టీ మందంలో మూడో వంతు నాలికలా కాల్లోకి వెళ్తుంది, రెండు పక్కలా అంచులు కాలికి ఆనుకుంటాయి. మంచి మేస్త్రి అయితే కుసిలో చీల రంధ్రాన్ని కాల్లోని రంధ్రం కంటే ఓ మిల్లీమీటరు పట్టీ వైపు జరిపి కొడతాడు, కొయ్యచీల దిగేకొద్దీ పట్టీని కాల్లోకి లాగేస్తుంది. జిగురు వదిలేసినా ఆ అతుకు ఊడదు.

2014లో హుద్‌హుద్ రోజు అద్దాలు పగిలి హాల్లోకి నీళ్ళొస్తే మా తాతగారి కుర్చీ రెండ్రోజులు నానింది. ఆరాక ఒకే ఒక్క అతుకు వదులైంది, పాత చీల తీసి కొత్తది దించాడు మేస్త్రి, అరగంట పని. పక్కనే ఉన్న పార్టికల్ బోర్డు బీరువా ఉబ్బిపోయి చెత్తలో పడేశాం.

గాజువాక_మోహన: మరి బెజ్జాలు మెషిన్‌తో కొట్టిస్తే కూలి తగ్గుద్ది కదన్నా? అది చేతి పని కాదంటారా?

చెక్కపని_అభిమాని: కొట్టించమ్మా, నాకేం అభ్యంతరం లేదు. బెజ్జం ఎవరు తొలిచారన్నది కాదు, చివర్న ఉలితో సర్ది కుసిని చేత్తో నొక్కితే కాస్త బిగువుగా దిగాలి, సుత్తితో బాది దించాల్సొస్తే కాలు చీలుతుంది. వాసి గారూ, నగిషీ మాత్రం అతుకుల దగ్గర చెక్కనివ్వకండి, వీపు పట్టీ మధ్యలో ఉంచమనండి. పాత ద్వారబంధం కదా, లోపల విరిగిన మేకులుంటాయి, చిత్రిక పట్టకముందే వెతికించండి, లేకపోతే ఆయన బ్లేడు పోతుంది.

స్టీల్_ప్లాంట్_కుర్రాడు: వెనక కాలి అతుకు సంగతి ఒప్పుకుంటా అన్నా. నగిషీకి డబ్బు మాత్రం నేనైతే పెట్టను, ఆ కూలీతో ఇంకో కుర్చీ వస్తుంది.

పెదవాల్తేరు_వాసి: నగిషీ మా అమ్మ కోరికండి, అది ఉంటుంది. ముందు పెద్దాయనతో ఒక్క కుర్చీ చేయిస్తాం. చీల దించేముందు ఫోటో పెడతాను, అభిమాని గారు చూసి చెప్పండి.