సమస్యాపూరణం: పిండి తడిసె నిప్పు మండుచుండ

గణకుడు (మోడరేటర్):
నిన్న ఇంట్లో టమాటా, ఉల్లిపాయలతో "పై" (pie: మైదా పిండి అడుగు మీద కూర నింపి ఓవెన్‌లో కాల్చేది) చేశాం. 200 డిగ్రీల ఓవెన్‌లో ముప్పావుగంట ఉంచి తీస్తే పైన బంగారం, అడుగున బురద. ప్లేటులోకి వంచుతుంటే ఈ పాదం దానంతట అదే వచ్చింది. ఇదే చివరి పాదంగా, ముందు మూడు పాదాలు మీరు రాసి ఆటవెలది పద్యం పూరించాలి.

సమస్య: *పిండి తడిసె నిప్పు మండుచుండ*

శివుడి మూడో కన్ను, లంకాదహనం ఈసారి వద్దు. వంటింట్లోనే ఉండండి.

లఘువు:
మొదటి ప్రయత్నం. తప్పులుంటే మెల్లగా చెప్పండి.

ఉప్పు చల్లకుండ నూరు టమాటాలు
పరచి పెట్టినాను పైన నేను
అడుగు చూడ నయ్యొ యదియొక చెరువాయె
పిండి తడిసె నిప్పు మండుచుండ

ప్రాసక్క:
బాగుంది తమ్ముడూ. "ఊరు టమాటాలు" (చల్లకుండన్ + ఊరు, అంటే నీరూరే టమాటాలు) అచ్చంగా కుదిరింది. టమాటాలో దాదాపు 94 శాతం నీళ్ళే. చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, అరగంట జల్లెడలో ఉంచితే ఆ ఊట కిందికి దిగిపోతుంది. ఆ పని ఎగ్గొట్టిన పాపాన్ని పద్యంలోనే ఒప్పుకున్నావు. కానీ "పెట్టినాను" అన్నాక మళ్ళీ "నేను" ఎందుకు? చోటు నింపడానికి తప్ప దానికి పనేముంది?

యతిమైత్రి:
ఇక నా వంతు.

ఉల్లిపాయ గోయ నొక్కటే మంటాయె
ధార గట్టె నీరు దాచనేల
కలుప నీళ్ళు వలదు కన్నుల లోపల
పిండి తడిసె నిప్పు మండుచుండ

నిప్పు పొయ్యిలో లేదు, కళ్ళల్లో ఉంది. గమనించగలరు.

గణకుడు:
భలే! నిప్పును కళ్ళలోకి మార్చడం నాకు తట్టనే లేదు.

అరసున్న:
విరుపు బాగుంది. అన్వయం మాత్రం "కన్నుల లోపల" దగ్గర మొదలై, పిండిని దాటుకుని నిప్పు దగ్గర తేలింది. చదివేవాడు ముందు కళ్ళలో పిండి పడిందనుకుంటాడు. యతిమైత్రి గారికి ఈ అలవాటు పాతదే. పోయినసారి "బ్రెడ్డు పొంగలేదు" సమస్యకు ఈస్టును అగస్త్యుడి కడుపులో వేసి "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనిపించారు. పిండి ఎందుకు పొంగలేదో ఇప్పటికీ తేలలేదు.

యతిమైత్రి:
ఆ పద్యానికి పద్దెనిమిది మెచ్చుకోళ్ళు వచ్చాయి. మీరు ఆ నెల ఏమీ రాయలేదు.

అరసున్న:
ఆ మెచ్చుకోళ్ళలో ఒకటి మీరు పెట్టుకున్నదే.

ప్రాసక్క:
కొట్టుకోవడం తర్వాత. యతిమైత్రి గారూ, కన్నీళ్ళతో ఈ పిండి కలపకూడదండీ. అవి వెచ్చగా ఉంటాయి, వెన్న కరిగిపోతుంది. రెండు పాళ్ళ మైదాకు ఒక పాలు గడ్డ వెన్న వేసి, పొడిపొడిగా నలిపి, చెంచాలతో లెక్కపెట్టి ఐసునీళ్ళు పోయాలి. కావలసింది చన్నీళ్ళు, కన్నీళ్ళు కాదు.

లఘువు:
అక్కా, చన్నీళ్ళు–కన్నీళ్ళు! అదే ఒక పద్యం.

ప్రాసక్క:
నా పూరణ వేరే ఉంది.

పండు ముక్కలన్ని బట్టలో మూటగా
కట్టి నొక్కినాను కసిగ నేను
చేయి యెఱ్ఱ బారెఁ జిక్కని రసముతో
పిండి తడిసె నిప్పు మండుచుండ

అరసున్న:
ఇది పూరణంటే! "పిండి" నామవాచకం కాదు, క్రియ! పక్కన ఓవెన్ వేడెక్కుతోంది, ఇక్కడ చేయి పిండింది, చేయే తడిసింది. రెండు పనులకూ కర్త ఒకటే కాబట్టి క్త్వార్థానికి ("చేసి", "చూసి" లాంటి రూపానికి) ఢోకా లేదు. సమస్యలో ఒక్క అక్షరం కదలకుండా మైదా మొత్తం మాయమైంది.

యతిమైత్రి:
మాయమైంది నిజమే, మరి "పై" దేనితో చేస్తారు? ఇంకో మాట. పిండితే చేతికి వచ్చేది పలచటి నీరు. చిక్కని గుజ్జు గుడ్డలోనే ఉంటుంది. "చిక్కని" యతి కోసం (పాదం మొదటి అక్షరంతో మధ్య అక్షరం కుదరడం కోసం) వచ్చింది, టమాటా కోసం కాదు.

లఘువు:
పెద్దలు క్షమించాలి. "నొక్కినాను కసిగ నేను"లో కూడా ఒక "నేను" ఉంది...

ప్రాసక్క:
😂 ఉంది. పట్టావు. కసిగా నొక్కింది నేనేనని గట్టిగా చెప్పడానికి అనుకో. "చిక్కని" కూడా ఒప్పుకుంటున్నా.

పద్యాలపిచ్చి:
ఆలస్యంగా వచ్చాను.

వెన్న చల్లగుండ వేడి పొయ్యి లోన
పొరలు పొరలు గాను పొంగె నంచు
మురిసి కోయఁ గూర మూకుమ్మడిగఁ బారె
పిండి తడిసె నిప్పు మండుచుండ

అరసున్న:
ఆటవెలది మొదటి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే అక్షరాల గుంపు) కదా, మీ మొదటి పాదంలో ఆరుగురు సూర్యులు! ఇంద్రులిద్దరూ సెలవు పెట్టారా? ఆరు సూర్యులతో కాలిస్తే "పై" మాడదా?

యతిమైత్రి:
ఈసారి మాత్రం అరసున్న గారితో ఏకీభవిస్తున్నాను. తేదీ రాసి పెట్టుకోండి.

పద్యాలపిచ్చి:
అయ్యో, ఫోన్లో రాశాను. సవరణ: "వెన్న చల్లగుండ వేడెక్క పొయ్యియు".

అరసున్న:
"వేడెక్కఁ బొయ్యియు" అనాలి.

యతిమైత్రి:
వచ్చింది అరసున్న (ఁ)! పేరు ఊరికే పెట్టుకోలేదు.

ప్రాసక్క:
సవరించాక ఆ పాదం అసలుకంటే బాగుంది. వెన్న చల్లగా, పొయ్యి వేడిగా ఉంటేనే వెన్నలోని నీరు ఒక్కసారిగా ఆవిరై పొరల్ని విడదీస్తుంది. ఆ సంగతంతా ఒక్క పాదంలో ఇమిడింది. కానీ కోసేటప్పటికి నిప్పు ఇంకా ఎందుకు మండుతోంది? ఓవెన్ ఆపలేదా?

పద్యాలపిచ్చి:
ఆ నిప్పు జఠరాగ్ని అక్కా. ఆకలికి ఆగలేక వేడి మీదే కోశాను. అరగంట చల్లారనిచ్చి ఉంటే లోపలి కూర గట్టిపడేది.

అరసున్న:
పద్యంలో ఆకలి మాటే లేదు. జఠరాగ్ని మొత్తం వ్యాఖ్యానంలోనే మండుతోంది.

గణకుడు:
ఒప్పుకుంటాను. అయినా "మూకుమ్మడిగఁ బారె" చదవగానే నిన్నటి నా ప్లేటు కనిపించింది. నేను చేసిన తప్పు ఇంకొకటి: ఉల్లిపాయల్ని పది నిమిషాల్లో దించేశాను. సన్నమంట మీద నలభై నిమిషాలైనా మగ్గితేగాని వాటి నీరు పోయి తీపి తేలదు.

లఘువు:
ఇవాళ మళ్ళీ చేశాను. టమాటాలకు ఉప్పు పట్టించి వార్చాను. ఉత్త పిండినే పళ్ళెంలో పరిచి, మీద కాగితం వేసి, రాజ్మా గింజలు బరువు పెట్టి పదిహేను నిమిషాలు ముందే కాల్చాను. ఆ తర్వాతే కూర నింపాను. అడుగు కరకరలాడింది. రెండో పూరణ రాద్దామని కూర్చుంటే ఒక్క పాదమూ రావట్లేదు.

ప్రాసక్క:
రాజ్మా గింజలు పారెయ్యకు. కూరకు పనికిరావు కానీ, వచ్చేసారి బరువుకు మళ్ళీ అవే వాడుకోవచ్చు.

యతిమైత్రి:
అందరివీ అయ్యాయి. అరసున్న గారి పూరణ ఎక్కడ?

అరసున్న:
టమాటాలు వారుతున్నాయి. అరగంట ఆగండి.