అప్‌డేట్: చచ్చిపోయిన బాతు కాలి రింగు సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదా, కోరంగి దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద చచ్చిపడున్న సూదితోక బాతు కాలికి రింగుంది, ఏంటిదీ అని. అందరికీ థాంక్స్. పని చేసింది మాత్రం పెన్సిల్ ఐడియానే, టూత్‌బ్రష్‌తో బురద కడిగి, పల్చటి కాగితం చుట్టి పెన్సిల్‌తో రుద్దితే అరిగిపోయిన నంబరు తేలింది, పక్కన బాంబే అన్న అక్షరాలు కూడా. వలస పక్షుల రాకపోకలు తెలుసుకోడానికి ఇలా రింగులేసే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి ఫోటో, దొరికిన తేదీ, చోటు మెయిల్ చేశా, మూడు వారాలకి జవాబొచ్చింది. ఒడిశాలోని చిలికా సరస్సు దగ్గర వేసిన రింగంట, నాలుగేళ్ల కిందట! అంటే ఈ మధ్యలో ఎన్నిసార్లు హిమాలయాలు దాటి వెళ్లొచ్చిందో పాపం.

అప్పుడు కొందరు ఊహించినట్టు పందెం పావురం రింగు కాదు, చిప్పూ లేదు, గూఢచారి పక్షి అన్నవాళ్లకి దండం, ఉత్త అల్యూమినియం ముక్కే. రింగు పంపక్కర్లేదు, నంబరు చాలన్నారు. ఈలోగా మా నాన్న దాన్ని మోటారు షెడ్డు తాళాలకి తగిలించేసుకున్నారు.