ట్రీమ్యాప్‌లో క్లియర్: చెరిపేయడమా, ఖాళీ చేయడమా?

మారతహళ్ళిలో శని, ఆదివారాలు నలుగురు పిల్లలకి జావా చెప్తుంటాను. అనంతపురం, ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్ళు, పాఠమంతా తెలుగులోనే. ట్రీమ్యాప్ (కీ, దాని విలువ జతల్ని కీల వరసలో దాచుకునే జావా అమరిక) మీద పిలిచే క్లియర్ గురించి నోట్సులో "లోపలున్నవన్నీ చెరిపేస్తుంది" అని రాశాను. ఒకమ్మాయి పట్టుకుంది: "అన్నా, మ్యాప్‌లో పెట్టిన స్టూడెంట్ ఆబ్జెక్టే బయట లిస్టులో కూడా ఉంది, చెరిపేశాం కదా, మరి లిస్టు ప్రింట్ చేస్తే పేరు వస్తోందేంటి?" ఆ అమ్మాయి తప్పేం లేదు, నేను వాడిన క్రియే తప్పు. చెరిపితే రాత పోవాలి. ఇక్కడ మ్యాప్ తన పట్టు వదిలింది, అంతే. దీనికి సరైన మాట ఏంటి అని అడిగితే, మాటలు ఇలా సాగాయి:

— తుడిచేయడం అనండి. పలక తుడిచినా పలక ఉంటుంది కదా.

— పలక వరకు బాగుంది సార్, కానీ తుడిచిన అక్షరం ఇంకో చోట బతికి ఉండదే! చిక్కంతా అక్కడే.

— రిక్తం చేయడం?

— రిక్తహస్తాలు తప్ప రిక్తం విని ఎన్నాళ్ళయిందండీ :) శూన్యం కూడా వద్దు, నల్‌తో (ఆబ్జెక్టే లేకపోవడంతో) కలిసిపోతుంది. ఏమీ లేని మ్యాప్‌ని సైజు అడిగితే సున్నా అంటుంది, మ్యాపే లేని చోట అడిగితే నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ మొహాన కొడుతుంది.

— బెంగళూరులో ఉంటూ దీనికింత ఆలోచనా? ఇల్లు ఖాళీ చేశాం అనమూ? మనుషులకేం కాదు, ఇల్లూ కూలదు, వాళ్ళు ఇంకో చోట హాయిగా ఉంటారు. మా పక్కింటి కన్నడావిడదీ అదే మాట, "మనె ఖాలి మాడిద్రు" అంటుంది.

— ఇది కుదిరింది! ఓనరు రూల్సు కూడా సరిపోతాయి చూడండి, ట్రీమ్యాప్ కట్టేటప్పుడు ఇచ్చిన కంపారేటర్ (కీల వరస తేల్చే నియమం) క్లియర్ తర్వాత కూడా అలాగే ఉంటుంది, కొత్తగా దిగేవాళ్ళు కూడా ఆ వరసలోనే నిలబడాలి.

— చిన్న సవరణ. ఖాళీ చేసేది అద్దెకున్నవాళ్ళు. క్లియర్ పిలిచేది మనం, కాబట్టి "ఖాళీ చేయించడం".

— ఏ మాటైనా సామాన్లు ఒక్కొక్కటీ దింపుతున్నట్టు వినిపిస్తోంది నాకు. ఓపెన్‌జేడీకే (జావా ఓపెన్‌సోర్స్ రూపం) కోడ్ చూడండి, ట్రీమ్యాప్ క్లియర్‌లో జరిగేది మార్పుల లెక్క ఒకటి పెంచడం, సైజు సున్నా చేయడం, రూట్‌ని, అంటే ఎంట్రీలన్నీ వేలాడే చెట్టు వేరుని, నల్ చేయడం. లక్ష ఎంట్రీలున్నా ఆ మూడు పనులే, చెట్టు మొత్తం ఒక్కసారిగా చేతిలోంచి జారిపోతుంది. హ్యాష్‌మ్యాప్ (కీల వరస పట్టించుకోని ఇంకో మ్యాప్) అయితేనే టేబుల్లో అరలన్నీ ఒక్కొక్కటీ నల్ చేస్తూ పోతుంది. దానికి ఖాళీ చేయడం సరే, దీనికి వేరు వదిలేయడం అనాలి.

— అది లోపలి సంగతి అన్నా. ట్రీమ్యాప్ పాటించే సార్టెడ్‌మ్యాప్ అనేది ఇంటర్‌ఫేస్, ఏం చేయాలో చెప్తుంది గానీ ఎలా చేయాలో అది చెప్పదు. పిలిచేవాడికి కావాల్సింది ఫలితం. మాట కూడా దానికే పెట్టాలి.

— మరి హెడ్‌మ్యాప్ (అసలు మ్యాప్‌లో, ఇచ్చిన కీ కంటే చిన్నవాటి భాగం) మీద క్లియర్? రోల్ నంబర్లే కీలనుకోండి, 50 ఇచ్చి హెడ్‌మ్యాప్ తీసుకుని క్లియర్ అంటే 50 లోపువన్నీ అసలు మ్యాప్‌లోంచే పోతాయి, 50 మాత్రం ఉంటుంది.

— కింది అంతస్తు ఒక్కటే ఖాళీ చేయించినట్టు. ఇల్లు అదే కదా! పైగా అక్కడ రూట్ వదిలేస్తే పైవాళ్ళు కూడా పోతారు కాబట్టి, నిజంగానే ఒక్కొక్కటే దింపుతుంది.

సరే, నోట్సులో "ఖాళీ చేయించడం" అని మార్చేశాను. నిన్న క్లాసులో ఇదే చెప్తే ఆ అమ్మాయి వెంటనే "మరి అడ్వాన్సు తిరిగిస్తారా అన్నా?" అంది. మెమరీ గురించే అయితే, గార్బేజ్ కలెక్టర్ (ఎవరూ వాడని మెమరీని వెనక్కి తీసుకునేవాడు) వచ్చినప్పుడు ఇస్తాడమ్మా, అదీ ఆ ఆబ్జెక్టుని ఇంకెవరూ పట్టుకుని లేకపోతేనే, నీ లిస్టు ఇంకా పట్టుకునే ఉంది కదా అన్నాను.