అప్‌డేట్: ఓడలో పనిచేసే మా తమ్ముడి నిద్ర సమస్య

సరుకు రవాణా ఓడ ఇంజన్ విభాగంలో పనిచేస్తున్న మా తమ్ముడు నిద్ర పట్టడం లేదనీ, తోటివాళ్లంతా తనను దూరం పెడుతున్నారనీ ఫోనులో బాధపడుతూంటే, ఉద్యోగం మానేయమని చెప్పాలా అని లోగడ అడిగాను. ముందు వాడి గది గురించీ విశ్రాంతి గంటల గురించీ కనుక్కోమన్నవారికి హృదయపూర్వక కృతజ్ఞతలు.

వాడి గది ఇంజన్లకు సరిగ్గా పైన ఉండేదట. మంచం పక్కన పెట్టుకున్న గ్లాసులో నీళ్లు రాత్రంతా వణుకుతూనే ఉండేవట; కాస్త కన్నంటుకునేసరికి పనికి పిలుస్తూ అలారం మోగేదట. ఓడల్లో పనిచేసేవారి కోసం చేసిన 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలి. దాన్ని రెండు విడతలకు మించి విడగొట్టకూడదు, వాటిలో ఒకటి కనీసం 6 గంటలైనా ఉండాలి. అంతకన్నా మాకు అక్కరకొచ్చింది మరో నిబంధన: ఇలా పనికి పిలవడం వల్ల విశ్రాంతికి భంగం కలిగితే, దానికి బదులుగా తగినంత విశ్రాంతి ఇవ్వాలి. తమ్ముడు దాన్ని చూపించి చీఫ్ ఇంజనీరును మర్యాదగా అడిగాడు. ఆయన బదులు విశ్రాంతి ఇవ్వడమే కాక, పై డెక్‌లో ఖాళీగా ఉన్న గదికి కూడా మార్పించారు.

కొద్ది రోజులకే వాడి మాట మారింది. పలకరించరని చెప్పిన మనుషులతోనే కలిసి భోంచేస్తున్నానని అమ్మకు చెప్పాడు. మనుషులు మారలేదు, నిద్ర కరువైన మనసుకు వాళ్ల మౌనం ద్వేషంలా కనిపించి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు సెలవు మీద మల్కాజిగిరిలో మా ఇంట్లోనే ఉన్నాడు. వినికిడి పరీక్ష చేయించాం, ఫలితం బాగానే ఉంది. ఉద్యోగం మానడం లేదు; తర్వాతి ఓడ ఎక్కేముందు గది ఎక్కడో అడిగి తెలుసుకుంటానంటున్నాడు.