మరచెంబులో ‘మర’ అంటే ఏమిటి?

అనంతపురం నుంచి:

మరచెంబు అన్న మాట గురించి అడగాలి. మా అమ్మాయి కాలేజీ ఫెస్ట్‌లో ఈసారి వేషాల థీమ్ స్టీమ్‌పంక్. ఆవిరి యంత్రాల కాలమే ఇంకా నడుస్తూ ఉంటే మనుషులు ఏం కట్టుకునేవాళ్లు, ఏం పట్టుకు తిరిగేవాళ్లు అని ఊహించి వేసే వేషం అది. ఇత్తడి, తోలు, పళ్ల చక్రాలు, గుండ్రటి పెద్ద కళ్లద్దాలు ఉండాలి. ఆ పేరు పుట్టింది 1987లో, ఊహించేది మాత్రం విక్టోరియా రాణి కాలాన్ని. ఆ కాలం మన సీమకు కొత్తదేమీ కాదు. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా వచ్చిన రైలుదారి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారిని కలిసింది. అందుకే లండన్ దొరసాని వేషం వద్దనుకున్నాం. గుత్తి స్టేషన్లో పొగబండి ఇంజను బాగుచేసే అమ్మాయి వేషం వేస్తోంది.

నడుము బెల్టుకు వేలాడే నీళ్ల పాత్ర ఒకటి కావాల్సి వచ్చింది. అటక మీద మా అవ్వ మరచెంబు దొరికింది. బరువైన ఇత్తడి, గుండ్రటి పొట్ట, మెడ చుట్టూ సన్నటి గాట్లు. మూత పెట్టి తిప్పితే చుక్క నీరు కారదు. ప్రయాణాల్లో ఇదే తీసుకెళ్లేవాళ్లట. ఇంట్లో ఒకరు ‘మర అంటే చెట్టు, మొదట్లో కొయ్యతో చేసేవాళ్లేమో’ అన్నారు. నాకు అది సరిగ్గా తోచలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాయదుర్గం నుంచి:

అక్కా, ఆ చెట్టు కన్నడం నుంచి వచ్చి ఉంటుంది. మా వైపు ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. కన్నడంలో మర అంటే చెట్టే. దానికి తెలుగులో చుట్టం మాను. మీ చెంబుకు దానితో సంబంధం లేదు.

కర్నూలు నుంచి:

మెడ చుట్టూ గాట్లు అన్నారే, వాటినే మర అంటారమ్మా. తిప్పితే బిగిసేది, వెనక్కి తిప్పితే వదిలేది. మరమేకులో ఉన్నదీ అదే. తమిళంలో కూడా దీన్ని మరై అంటారు. ఇక్కడ షెడ్డులో బోల్టు బిగియకపోతే ‘మర అరిగిపోయింది’ అనే మాట ఇప్పటికీ వినపడుతుంది, కుర్రవాళ్లు థ్రెడ్ అంటున్నా సరే.

ఆ మాటకే యంత్రం అనే అర్థం కూడా ఉంది. పిండిమర, మరఫిరంగి, మరబొమ్మ, మరమనిషి. దంపుడు బియ్యం కానివి మరబియ్యం. నా మట్టుకు ఈ వేషానికి యంత్రం కంటే మర అన్న మాటే బాగా నప్పుతుంది. యంత్రం అనగానే తాయెత్తులో చుట్టిన రాగిరేకు కూడా గుర్తొస్తుంది. మర అంటే ఇనుము, నూనె, తిరిగే చప్పుడు. రెండక్షరాల్లో ఇంత పని చేసే మాటను మనం పిండిమర దగ్గరే వదిలేయడం నాకు బాధగా ఉంది. మీ అమ్మాయి వేషం పక్కన పేర్లు రాసిపెట్టే వీలుంటే తెలుగులోనే రాయించండి.

ధర్మవరం నుంచి:

సార్ చెప్పింది ఒప్పుకుంటాను. కానీ మా ఇళ్లలో మర అంటే ముందు గుర్తొచ్చేది మరమగ్గం. కొన్ని రకాలు చేతిమగ్గం మీదే నేయాలని 1985లో చట్టం వచ్చింది, అయినా మరమగ్గం బట్ట చేనేత పేరుతో అమ్ముడుపోతూనే ఉంది. ఆ మాట మాకు తీయగా వినిపించదు. చేత్తో చేసిన వస్తువులకు ఆ పేరు పెట్టేముందు ఇది కూడా ఆలోచించండి.

ఇంకో సంగతి. లాంతరు చేసేటట్లయితే మాకు దగ్గర్లోనే తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల మేకతోలు వెలుగును లోపలినుంచి ఎంత చక్కగా చూపిస్తుందో చూడండి. ఉలితో పొడిచిన ఆ చిన్న చిన్న చిల్లులే సగం అందం. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

అనంతపురం నుంచి:

అందరికీ నమస్కారం. ధర్మవరం అన్న చెప్పింది మనసులో పెట్టుకుంటాను, లాంతరు తోలు నిమ్మలకుంటలోనే అడుగుతాం.

పళ్ల చక్రాలు కొన్ని పాత గోడగడియారంలోవి, మిగతావి ఫోమ్ షీటు కత్తిరించి చేసినవి. ఫోమ్ మీద ముందు నల్లరంగు పూసి ఆరనిచ్చి, తర్వాత బంగారు రంగు అంటించిన బ్రష్‌ను కాగితానికి దాదాపు పొడిగా తుడిచి, అంచుల మీద మాత్రమే రాస్తే ఇత్తడిలా కనిపిస్తోంది. సందుల్లో నలుపు అలాగే ఉండాలి, అక్కడే పాతదనం తెలుస్తుంది. ఇత్తడికి పట్టే ఆ పచ్చటిదాన్ని ఏమంటారు, చిలుమా, కిలుమా?

కడప నుంచి:

రెండూ ఉన్నాయి, మా ఇంట్లో కిలుము అంటాం. చెంబును మాత్రం చింతపండుతో తోమకండి, ఆ పాత రంగంతా పోతుంది. కిలుము కావాలని ఉప్పు, వెనిగర్ పూయడం కూడా వద్దు, అవ్వ వస్తువు కదా. ఆకుపచ్చ, నీలం కలిపిన పల్చటి రంగు ఫోమ్ చక్రాల సందుల్లో వేసి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. లోపల కళాయి (తగరపు పూత) పోయి ఉంటే అందులో మజ్జిగ, నిమ్మరసం పోయొద్దు.

అనంతపురం నుంచి:

పోయనివ్వను. చివరగా ఒకటి సార్, చక్రాలు అతికించిన కళ్లద్దాలకు ‘మరకళ్లద్దాలు’ అని పేరు రాయవచ్చా?

కర్నూలు నుంచి:

అద్దం చట్రాన్ని తిప్పి బిగించేలా చేసి ఉంటే, లేదా ఒక్క చక్రమైనా తిరుగుతుంటే నిక్షేపంగా రాయండి. అన్నీ జిగురుతో అంటించినవైతే ఉత్త కళ్లద్దాలే. చిన్న మేకు మీద ఒక చక్రం తిరిగేలా బిగిస్తే చాలమ్మా, పేరు నిలబడుతుంది.