అమ్మతో ఓయాంతాయ్‌తాంబో: పెరూ వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

జూన్‌లో అమ్మని తీసుకుని పెరూ వెళ్తున్నాను. అమ్మకి 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పి, బీపీ మాత్రలు. కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తు కదా, అందుకే విమానం దిగగానే అక్కడ ఆగకుండా కారులో ఓయాంతాయ్‌తాంబో అనే ఊరికి వెళ్లిపోదామనుకుంటున్నా. అది 2,800 మీటర్లే, మచు పిచ్చు రైలు కూడా అక్కడే ఎక్కొచ్చు. ఈ ప్లాన్ సరైనదేనా?

నా అసలు టెన్షన్ ఆ ఊళ్లో ఉన్న ఇంకా సామ్రాజ్యం నాటి శిథిలాల మెట్లు. ఫొటోలు చూస్తేనే ఆయాసం వస్తోంది. పైన సూర్యాలయం దగ్గర నిలబెట్టిన ఆరు పెద్ద రాళ్లు చూడాలని నాకు చాలా ఆశ. అమ్మేమో "తిరుమల కొండే నడిచెక్కాను, ఇదెంత" అంటోంది. అది ఇరవై ఏళ్ల కిందటి మాట! పైకి రాలేకపోతే కింద ఊళ్లో, ఇంకాల నాటి కాలవలు పారే ఆ సందుల్లో, ఓ గంట కూర్చోవడానికి నీడ దొరుకుతుందా? రాళ్లు పరిచిన దారి జారుతుందా?

ఇక తిండి. మేం గుడ్డు కూడా తినం. క్వినోవా సూప్‌లో చికెన్ ఉడికించిన నీళ్లు పోయొద్దని స్పానిష్‌లో ఎలా చెప్పాలి? రాత్రిళ్లు చలికి స్వెటర్ సరిపోతుందా, మందపాటి జాకెట్ కొనాలా? టికెట్లు ఈ వారంలోనే బుక్ చేయాలి.