కెనడాకు వెళ్లిన పార్సిలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడం ఎలా?

టొరంటోలో ఉంటున్న మా చెల్లికి ద్వారకానగర్‌లోని ఒక కొరియర్ ఏజెంటు ద్వారా చీరలు, ఇత్తడి దీపపు కుందులు పంపాను. రసీదు నంబరులో ఉన్నవన్నీ అంకెలే. ముందు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ‘ఐఎన్’ ఉంటే తపాలా శాఖదని పోల్చుకుని, అదే నంబరుతో కెనడా పోస్టు వెబ్‌సైటులోనూ వెతికేదాన్ని. ఇది ఏజెంటు సొంత నంబరు కాబోలు, ‘విశాఖ నుంచి బయలుదేరింది’ దగ్గరే ఆగిపోయింది. ఫోను చేస్తే ‘వచ్చేస్తుందమ్మా’ అంటాడు, అంతే. ఇలాంటివారు సరుకును చివరికి ఏదో పెద్ద సంస్థకే అప్పగిస్తారు కదా, అక్కడి నంబరు రాబట్టాలంటే ఏమని అడగాలి?

సంక్రాంతికి అమ్మ కుట్టిన బొంత కూడా పంపాలి. కాటా మీద నాలుగు కిలోలే, పెట్టె మాత్రం 50×40×30 సెంటీమీటర్లు. ప్రైవేటు కొరియర్లు ఈ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తాయి కాబట్టి 12 కిలోలకు కట్టాలట! దూదికి ఇంత ధరా? బొంతలు, పరుపుల వంటివి విదేశీ స్పీడ్ పోస్టులో పంపినవారు ఉంటే, ఎంతయిందో, కస్టమ్స్ ఫారంలో ఇంట్లో కుట్టినదానికి విలువ ఎంత వేశారో దయచేసి చెప్పండి.